డ్రైవర్ లేని కారు: లైడారా, కెమెరాలు చాలా?

చర్చ మొదలుపెట్టినవారు:
గూగుల్ సోదర సంస్థ వేమో, లేజర్ కాంతితో దూరాలు కొలిచే లైడార్, రేడియో తరంగాలతో కొలిచే రాడార్, కెమెరాలు మూడింటినీ అమర్చి, ముందే అంగుళం అంగుళం మ్యాప్ చేసుకున్న ప్రాంతంలోనే తిప్పి, 2020 అక్టోబరులో అమెరికాలోని ఫీనిక్స్ ప్రాంతంలో డ్రైవర్ సీటు ఖాళీగా ఉన్న టాక్సీని ప్రజలందరికీ అందుబాటులోకి తెచ్చింది. అదే నెలలో టెస్లా కొందరు కొనుగోలుదారుల కార్లలోకే, కారును తానే నడిపే బీటా (ఇంకా పరీక్షలో ఉన్న) సాఫ్ట్‌వేర్‌ను పంపి, కనిపెట్టుకుని ఉండే పనిని స్టీరింగ్ ముందున్న యజమానికే వదిలేసింది. మనిషి కళ్లతోనే నడుపుతున్నప్పుడు కారుకు కెమెరాలు చాలవా అన్నది టెస్లా వాదన. నాకు వేమో పద్ధతే నచ్చుతోంది.

గణితం మాస్టారు:
జాగ్రత్త సరే, మైళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? అమెరికాలో సుమారు పది కోట్ల మైళ్లకు ఒక మరణం నమోదవుతోంది కనుక, యంత్రం మనిషికి తీసిపోదని 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే ఒక్క మరణమూ లేకుండా 27.5 కోట్ల మైళ్లు తిరగాలని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2016లో లెక్కగట్టింది. వంద కార్లు రాత్రింబవళ్లు గంటకు 25 మైళ్ల వేగంతో తిరిగినా పన్నెండున్నరేళ్లు పడుతుంది. టెస్లాలా లక్షల కార్లు రోడ్డు మీద ఉన్నవారికే అది తేలిక.

సాఫ్ట్‌వేర్ పరీక్షకురాలు:
మాస్టారూ, ఆ మైళ్లను ఎవరి ఖాతాలో రాస్తారు? తప్పు జరగబోయిన ప్రతిసారీ యజమాని స్టీరింగ్ తిప్పి సరిదిద్దుతుంటే, అవి ఇద్దరూ కలిసి నడిపిన మైళ్లే తప్ప యంత్రం ఒంటరిగా నడిపినవి కావు.

అలాగని లైడార్ ఉంటే చాలనీ అనను. 2018 మార్చి 18 రాత్రి అరిజోనాలోని టెంపీలో, సైకిలు నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న మహిళను తనంతట తానే నడుస్తున్న ఉబర్ పరీక్షా కారు ఢీకొంది, ఆమె మరణించింది. దానికి లైడార్ ఉంది, ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే ఆ కారు ఆమెను పసిగట్టింది కూడా. అయితే ఒకసారి వాహనమని, ఒకసారి మరేదో అని, ఒకసారి సైకిలని మార్చి మార్చి పేరు పెట్టింది. పేరు మారినప్పుడల్లా అంతవరకు ఆమె ఎటు కదిలిందన్న జాడను పక్కన పడేసి, లెక్క మళ్లీ మొదటికి తెచ్చుకుంది. జీబ్రా క్రాసింగ్ లేనిచోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఊహే ఆ సాఫ్ట్‌వేర్‌లో లేదు. (ఆ ఊహ లేని కారు మన ఊళ్లలో వీధి మలుపు కూడా దాటదు.) ఇది కంటి లోపం కాదు, పరీక్షల జాబితా రాసినవారి లోపం. వేమో కాలిఫోర్నియాలోని పాత క్యాజిల్ వైమానిక స్థావరంలో ఇలాంటి సన్నివేశాలను కావాలని సృష్టించి చూస్తుంది. నేను అటు మొగ్గేది అందుకే.

గణితం మాస్టారు:
ఒప్పుకుంటాను. కాని 2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో, వేరే కారు ఢీకొట్టగా తన ముందు పడిన మహిళను క్రూజ్ అనే సంస్థ కారు గుద్ది ఆగి, పక్కకు తప్పుకోవాలని మళ్లీ కదిలి, కింద చిక్కుకున్న ఆమెను సుమారు 20 అడుగులు ఈడ్చుకుపోయింది. దానికీ లైడార్ ఉంది, డ్రైవర్ సీటూ ఖాళీయే. ఆ సన్నివేశాన్ని మీరైతే ముందే మీ జాబితాలో రాసి ఉండేవారా?

సాఫ్ట్‌వేర్ పరీక్షకురాలు:
నిజం చెప్పాలంటే, రాసి ఉండేదాన్ని కాదు.