ట్రైలర్ తగిలిస్తే మైలేజీ సగమైంది: తగ్గించాల్సింది బరువా, వేగమా?

ప్లేనో బండి
మాది వీ6 ఎస్‌యూవీ, వెనక 16 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (లోపలే పడుకోడానికి వీలున్న డబ్బా బండి). రెండూ సామానుతో కలిపి 8,000 పౌండ్లు తూగుతాయి. మామూలుగా హైవే మీద గ్యాలన్‌కి 22 మైళ్లు వచ్చే మైలేజీ, మొన్న డాలస్ నుంచి అమరిల్లో దాకా 10కి పడిపోయింది. 360 మైళ్లకి 36 గ్యాలన్లు! సామాను తగ్గించమని మా ఆవిడ, గంటకు 70 మైళ్ల మీద పోవడమే తప్పని నేను. వచ్చే నెల పిల్లలతో మళ్లీ అటే, అమరిల్లో దగ్గరున్న పాలో డ్యూరో లోయ పార్కుకి వెళ్తున్నాం. మీరేమంటారు?

హ్యూస్టన్ బాబాయ్
బరువేనండీ. ఇంటి దగ్గరే నీళ్ల ట్యాంకు నింపుకుని బయల్దేరుతున్నారా? 30 గ్యాలన్లంటే 250 పౌండ్లు. పాలో డ్యూరోలో ట్రైలర్ పెట్టుకునే సైటు దగ్గరే కుళాయి ఉంటుంది, అక్కడ పట్టుకోండి. పైగా అమరిల్లో డాలస్ కంటే 3,000 అడుగులకు పైగా ఎత్తులో ఉంది. దారంతా ఎక్కుడే.

287 రోడ్డు
బాబాయ్ గారూ, నీళ్లు అక్కడ పట్టుకోవడం మంచిదే. కానీ లెక్క వేసి చూడండి. 250 పౌండ్లను ఆ ఎత్తుకి చేర్చడానికి గ్యాలన్‌లో ఇరవయ్యో వంతు గ్యాస్ (పెట్రోలు) కూడా పట్టదు. తినేసేది గాలి. కారు వెనక గోడలాంటి డబ్బాను లాగుతున్నాం. 60 నుంచి 70కి వెళ్తే గాలి నిరోధం 36 శాతం పెరుగుతుంది. ఇదే రోడ్డు మీద, ఇంచుమించు ఇదే సైజు ట్రైలర్‌తో నాకు 60 దగ్గర 12 వచ్చింది. డాష్‌బోర్డు చూపించేది కాదు, పంపు దగ్గర ఫుల్ ట్యాంకు కొట్టించి లెక్కపెట్టింది. అంటే మీ దూరానికి 6 గ్యాలన్లు మిగులు, ఆలస్యం 51 నిమిషాలు. కారు మీద గాలి మళ్లించే రెక్క కూడా పెట్టి చూశాను. నాకు తేడా ఏమీ కనబడలేదు, తీసేశాను.

ఇద్దరు పిల్లల తల్లి
75 లిమిట్ ఉన్న చోట 60 మీద వెళ్తే వెనక లారీ అద్దం నిండా కనిపిస్తుందండీ. ఒకసారి పక్కనుంచి పెద్ద ట్రక్కు దూసుకెళ్తే మా ట్రైలర్ ఊగిపోయింది, పిల్లలు ఏడ్చేశారు. 6 గ్యాలన్ల కోసం నాకా టెన్షన్ వద్దు.

287 రోడ్డు
మీ భయం నిజమేనమ్మా. కానీ వేగం పెరిగితే ఊపూ పెరుగుతుంది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (కారుకి ట్రైలర్‌ని తగిలించే కొక్కెం) మీద పడేలా సామాను సర్దారా? బరువంతా వెనక్కి పోతే తోక ఆడినట్టు ఆడుతుంది. టైర్లూ చూడండి. కొన్ని ట్రైలర్ టైర్లు 65కి మించి తట్టుకునేలా చెయ్యరు. గాలి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, ట్రైలర్ స్టిక్కర్ మీదున్నంత పట్టండి. కుడి లేన్‌లో 62, 63 మీద వెళ్లండి, చాలు.

హ్యూస్టన్ బాబాయ్
ఎత్తు లెక్క ఒప్పుకుంటున్నాను. మరి ఎదురుగాలి సంగతో? అటు వసంతంలో మధ్యాహ్నానికి 20 మైళ్ల గాలి లేస్తుంది. ఎదురుగా తగిలితే మీ 60 కాస్తా బండికి 80 అయినట్టే. తెల్లవారుజామునే బయల్దేరడం నయం.

ప్లేనో బండి
ఇది మాకు తట్టనే లేదు! మొన్న బయల్దేరింది 11 గంటలకి. ఈసారి నాలుగున్నరకే. పిల్లల్ని నిద్రలోనే సీట్లలో పడుకోబెడతాం. నీళ్ల ట్యాంకు ఖాళీ, స్పీడు 62. గ్యాస్ రసీదులన్నీ దాచి, వచ్చాక లెక్క ఇక్కడే పెడతాను.