స్టార్ ట్రెక్ ఉహురా గురించి సైన్స్ డేలో మాట్లాడొచ్చా?

సుబేదారి పిల్ల:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ, డిగ్రీ ఫైనలియర్, ఫిజిక్స్. ఫిబ్రవరి 28న సైన్స్ డేకి కాలేజీలో ఒక్కొక్కరం ఐదు నిమిషాలు మాట్లాడాలి. సి.వి.రామన్, కలాం, కల్పనా చావ్లా అందరూ ముందే పంచేసుకున్నారు. నేను నిషెల్ నికోల్స్ పేరు ఇచ్చాను. స్టార్ ట్రెక్ అని అంతరిక్ష ఓడ మీద పాత అమెరికా టీవీ సీరియల్, అందులో ఓడకు కబుర్లు అందుకునే అధికారి ఉహురా వేషం వేసిన నల్లజాతి నటి. మా సార్ చూసి "యాక్టర్‌కూ సైన్స్ డేకీ ఏం సంబంధమమ్మా?" అన్నారు. నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా అందులో తెల్లజాతి కెప్టెన్‌తో ఆమె ముద్దు సీనే. స్టేజీ ఎక్కి అది చెప్పానంటే వెనక బెంచీల ఈలలకు నా ఐదు నిమిషాలూ అయిపోతాయి. నాలుగైదు ఎపిసోడ్లు చూశాను, ఒక్కోదాంట్లో ఆమెకు నాలుగు డైలాగులు కూడా లేవు. మరి అంత పేరు ఎందుకు వచ్చింది? నిజంగా చెప్పడానికి సరుకుందా, పేరు మార్చుకోవాలా?

కాజీపేట డీజిల్:
మార్చుకో చెల్లె. అదే స్టార్ ట్రెక్‌లో మన దేశం ఆమె ఉంది కదా, పర్సిస్ ఖంబాటా. ముంబై పార్సీ అమ్మాయి, 1965 మిస్ ఇండియా. కొత్త టీవీ సీరియల్ కోసమని తీసుకున్నారు, ఆ సీరియల్ కాస్తా 1979లో సినిమా అయింది. వేషం కోసం వేములవాడ పోకుండానే గుండు చేయించుకుంది. 1980లో ఆస్కార్ స్టేజీ మీద అవార్డు కూడా అందించింది. మనామె అంటే సార్ కూడా ఒప్పుకుంటారు.

పాత ట్రంక్ బోర్డు:
మార్చకు బిడ్డా. పర్సిస్ గుండు మంచి ముచ్చటే, కానీ సైన్స్ డేకి నీ ఉహురానే కరెక్ట్. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో దూరపు ఊళ్ల ఫోన్లు కలిపే ట్రంక్ ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషిని. 80ల్లో దూరదర్శన్‌లో ఆదివారం పూట ఈ సీరియల్ వచ్చేది. మా పిల్లలు అందులో వేరే గ్రహం అధికారి స్పాక్ మొనదేలిన చెవులు చూసి నవ్వుకుంటుంటే నేను ఉహురా చెవి చూసేదాన్ని. అందులో వెండి రంగు గొట్టం ఒకటి ఉంటుంది, గుర్తుందా? కబురు వస్తుందనగానే దాన్ని వేళ్లతో అదిమి పట్టుకుంటుంది. ఆ క్షణం ఆమె కళ్లు చూడు. ఎవర్నీ చూడవు, ఒకచోట ఆగిపోతాయి. మేం హెడ్‌సెట్ పెట్టుకుని, లైన్లో గరగర మధ్య అవతలి ఆపరేటర్ చెప్పే నంబరు పట్టుకునేటప్పుడు అచ్చం అట్లనే ఉండేవాళ్లం. పక్కన సూపర్‌వైజర్ వచ్చి నిలబడ్డా కనబడేది కాదు. వినడం నటించడం కష్టం బిడ్డా. డైలాగు ఉంటే ఎవరైనా చెప్తారు.

నాలుగు డైలాగులు అన్నావు, నిజమే. కెప్టెన్‌కు "లైన్ కలిసింది సార్" అని చెప్పడమే ఎక్కువసార్లు ఆమె పని. ఆమెకూ అది మింగుడు పడలేదు. ఎందుకంటే ఆమె ఉత్తి చేతులతో రాలేదు. 1932లో ఇల్లినాయ్ రాష్ట్రం, షికాగో పక్కన రాబిన్స్ అనే ఊర్లో పుట్టింది. డ్యాన్స్ నేర్చింది, పాట నేర్చింది, డ్యూక్ ఎల్లింగ్టన్, లయొనెల్ హాంప్టన్ అంతటివాళ్ల జాజ్ బ్యాండులతో పాడింది. మొదటి సీజన్లో ఒక ఎపిసోడ్‌లో స్పాక్ చిన్న వీణలాంటిది వాయిస్తుంటే ఆమె అల్లరి అల్లరిగా పాడుతుంది, వెతికి చూడు. ఇంకో ఎపిసోడ్‌లో యుద్ధం మధ్యలో ఓడ నడిపే సీట్లోకి వెళ్లి కూర్చుంటుంది. అంత చేతనైన మనిషికి వారం వారం లైన్ కలిపే పనే ఇస్తే ఎట్లుంటది?

అందుకే మొదటి సీజన్ అయ్యాక మానేస్తానని నిర్మాత జీన్ రాడెన్‌బెరీకి చెప్పేసింది. ఆమె మనసంతా న్యూయార్క్ నాటకాల మీద ఉంది. ఆ తర్వాత ఒక నిధుల సేకరణ సభలో, మీ అభిమాని ఒకాయన కలవాలంటున్నారని ఎవరో వచ్చి చెప్పారు. తీరా చూస్తే మార్టిన్ లూథర్ కింగ్! ఈ సంగతి ఆమె చాలా చోట్ల తానే చెప్పింది. రాత్రి మేలుకుని మా పిల్లల్ని చూడనిచ్చే ప్రోగ్రాం ఇదొక్కటే అన్నాడట. మానేస్తున్నా అంటే, కుదరదు అన్నాడట. టీవీలో నల్లజాతి ఆడవాళ్లకు పనిమనిషి వేషాలు దొరికే రోజుల్లో, ఈమె ఓడలో నాలుగో అధికారి. ఆ కుర్చీ ఖాళీ చేస్తే వాళ్లు ఎవర్నయినా కూర్చోబెడతారు, వేరే గ్రహం జీవినైనా సరే అన్నట్టు చెప్పాడట. ఉండిపోయింది.

ఇదంతా నీకు రెండు నిమిషాలు. మీ సార్ అడిగిందానికి జవాబు 1977లో ఉంది. అప్పటిదాకా నాసా తీసుకున్న వ్యోమగాముల్లో ఒక్క ఆడమనిషి లేదు. ఈమె ఒక సభలో నాసా వాళ్లను నిలదీసింది, మావాళ్లేరీ అని. అయితే నువ్వే వెతికి పెట్టమన్నారు వాళ్లు. ఆమెకు విమెన్ ఇన్ మోషన్ అనే చిన్న కంపెనీ ఉండేది, దాంతో ఒప్పందం చేసుకున్నారు. నాసా నీలం సూట్ వేసుకుని యూనివర్సిటీలు తిరిగింది, టీవీలో ప్రకటనలు ఇచ్చింది. అప్లికేషన్లు 8 వేలు దాటాయి. 1978 జనవరిలో ఎంపికైనవాళ్లు 35 మంది. అందులో ఆరుగురు ఆడవాళ్లు, ముగ్గురు నల్లజాతి మగవాళ్లు, ఒక ఆసియా మూలాలున్నాయన. అంతరిక్షానికి వెళ్లిన మొదటి అమెరికా మహిళ శాలీ రైడ్, మొదటి అమెరికా నల్లజాతి మనిషి గయాన్ బ్లూఫోర్డ్ ఇద్దరూ ఆ బ్యాచ్‌వాళ్లే, ఇద్దరూ 1983లో అంతరిక్షంలోకి వెళ్లారు. 1986లో ఛాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయినప్పుడు చనిపోయిన ఏడుగురిలో నలుగురు కూడా ఆ బ్యాచే. అది దాచకుండా చెప్పు. రమ్మని ఊరూరా పిలిచిన మనిషికి ఆ వార్త ఎంత బరువై ఉంటుందో.

కరీంనగర్ శీను:
మేడం, అంతా బాగుంది కానీ ఒక మాట. నాసా ముచ్చట పక్కన పెడితే నటిగా ఆమె కెరీర్ అక్కడే ఆగిపోయింది కదా? సీరియల్ 1969లో బంద్ అయింది. తర్వాత కార్టూన్‌లో గొంతు, ఆ తర్వాత సినిమాలు, ఎక్కువగా ఉహురానే. దాన్ని సక్సెస్ అంటామా?

పాత ట్రంక్ బోర్డు:
శీనూ, నువ్వన్నది ఒప్పుకుంటా. మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు. 1979 నుంచి 1991 దాకా ఆరు సినిమాలు, అదే కుర్చీ. ఆమెకు ఉన్న విద్యలో పావు వంతు కూడా వాడుకోలేదు ఆ ఇండస్ట్రీ. ఇది నా అభిప్రాయం. కానీ ఇంకో లెక్క కూడా ఉంది. చిన్నప్పుడు ఆమెను టీవీలో చూసి వూపీ గోల్డ్‌బర్గ్ ఇంట్లోవాళ్లను కేకేసి పిలిచిందట, టీవీలో నల్లామె ఉంది, పనిమనిషి కాదు అని. పెద్దయ్యాక పెద్ద స్టార్ అయి, తర్వాతి స్టార్ ట్రెక్ సీరియల్లో తానే అడిగి మరీ వేషం వేసింది. మే జెమిసన్ కూడా అట్లనే చూస్తూ పెరిగిన పిల్ల. 1992లో అంతరిక్షానికి వెళ్లిన మొదటి నల్లజాతి మహిళ. ఎండీవర్ నౌకలో డ్యూటీ ఎక్కినప్పుడల్లా ఉహురా లైన్ కలిపే డైలాగు చెప్పి పని మొదలుపెట్టేదట. నాలుగు డైలాగుల్లో ఒకటి పైకి పోయింది చూడు. మరుసటి ఏడాది ఆమె కూడా స్టార్ ట్రెక్ ఎపిసోడ్‌లో చిన్న వేషం వేసింది.

సుబేదారి పిల్ల:
అమ్మా, ఇంత ఉందని అనుకోలేదు! టెన్షన్ సగం తగ్గింది. మరి ముద్దు సీన్ మొత్తానికే వదిలేయనా?

కాజీపేట డీజిల్:
వదిలేయ్ చెల్లె, ఈలలు ఎందుకు. ఉహురానే ఖాయం చేసుకో, నా ఓటు కూడా మార్చుకుంటున్నా.

పాత ట్రంక్ బోర్డు:
వదిలేస్తే దాక్కున్నట్టు ఉంటది. ఎవరో ఒకరు లేచి అదే అడుగుతారు. అర నిమిషంలో చెప్పేయ్. 1968 నవంబర్ 22న వచ్చిన ఎపిసోడ్. కథలో వేరే గ్రహం వాళ్లు మనోశక్తితో కెప్టెన్‌నూ ఈమెనూ బొమ్మల్లా ఆడిస్తారు, ఆ ముద్దు వాళ్ల బలవంతం. నల్లామె, తెల్లాయన ముద్దు చూసి అమెరికా దక్షిణాది రాష్ట్రాల స్టేషన్లు గొడవ చేస్తాయేమోనని చానల్‌కు భయం, ముద్దు లేకుండా కూడా తీయమన్నారు. ముద్దు లేని ఆ షాట్‌లో కెప్టెన్ వేషం వేసిన విలియం షాట్నర్ కావాలని కళ్లు మెల్ల చేసి పాడుచేశాడని ఆమే చెప్పింది. ఇక్కడ నీ క్లాసు నవ్వుతుంది, నవ్వనీ. టీవీలో నల్లవాళ్లకూ తెల్లవాళ్లకూ మధ్య ముద్దు ప్రపంచంలోనే ఇదే మొదటిది అని మాత్రం అనకు, బ్రిటన్ టీవీలో అంతకుముందే వచ్చాయి.

ఇంకోటి, ఆమె 2022 జూలై 30న చనిపోయింది, 89 ఏళ్లు. అది మొదట్లో చెప్పొద్దు, సంతాప సభ అయిపోతుంది. మొదలుపెట్టడమే 1978 లిస్టుతో పెట్టు: 35 మంది, ఆరుగురు ఆడవాళ్లు. వీళ్లను పిలిచింది ఎవరో తెలుసా అని అడిగి ఆగు. పేరు నిషెల్ అని పలుకు, స్పెల్లింగ్ చూసి నికెల్ అంటే మీ కెమిస్ట్రీ వాళ్లు పట్టుకుంటారు.