రెండు బయాప్సీల్లో ఏమీ తేలలేదు. మూడోది అవసరమా?

చెట్టునీడ: మా అన్నయ్యకు నాలుగు నెలలుగా ఒకవైపు ముక్కు మూసుకుపోయి, రక్తం, దుర్వాసన. రెండుసార్లు ముక్క తీశారు. రెండు రిపోర్టుల్లోనూ 'చచ్చిన కణజాలం, క్యాన్సర్ కణాలు కనబడలేదు' అనే ఉంది. ఎన్‌కే/టీ సెల్ లింఫోమా (ఒక రకం తెల్ల రక్తకణాల క్యాన్సర్) కావచ్చు, మళ్లీ తీద్దాం అంటున్నారు డాక్టర్. వదిన ససేమిరా అంటోంది. మీరేమంటారు?

స్లైడ్లపెట్టె: తీయించండి. ఈ జబ్బు కణాలు రక్తనాళాల గోడల్లోకి చొరబడతాయి. రక్తం అందక చుట్టూ ఉన్న మాంసం చచ్చిపోతుంది. పైపైన గిల్లితే ఆ చచ్చిందే చేతికొస్తుంది. లోతుగా, ఇంకా బతికున్న అంచు నుంచి తీయాలి. ఈబర్ పరీక్ష కూడా చేయమని ముందే అడగండి. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఆ కణాల్లోనే ఉందో లేదో దాంతో తెలుస్తుంది. ఆ కణాలను గుర్తుపట్టే సీడీ56, సీడీ3, గ్రాంజైమ్ బీ అనే ప్రోటీన్లు ఎలాగూ చూస్తారు.

నిక్కచ్చి: వైరస్ కోసమైతే కత్తెందుకు? రక్తపరీక్ష చాలదా? మా మేనకోడలికి పాజిటివ్ వచ్చింది.

స్లైడ్లపెట్టె: పెద్దవాళ్లలో నూటికి 90 మందికి పైగా ఆ యాంటీబాడీలు ఉంటాయి. ఎప్పుడో సోకిందని తప్ప దాంతో ఇంకేం తెలియదు.

నిక్కచ్చి: మరి రక్తంలో వైరస్ డీఎన్ఏ లెక్కిస్తారుగా? అదీ రక్తమేగా?

స్లైడ్లపెట్టె: నేనన్నది యాంటీబాడీల గురించి. డీఎన్ఏ లెక్క పనికొస్తుంది, జబ్బు ఎంతుందో, మందుకు తగ్గుతోందో చూడటానికి. ముక్కకు బదులు కాదు.

నిక్కచ్చి: మాట మార్చారు.

తొందరబాబు: అంత అనుమానముంటే కీమో మొదలెట్టేస్తే పోలా?

స్లైడ్లపెట్టె: ఏ కీమో? మామూలు లింఫోమాలకిచ్చే చోప్ మందుల్లో ముఖ్యమైనవాటిని ఈ కణాలు బయటికి తోసేస్తాయి. దీనికి ఆస్పరాజినేజ్ ఉన్న మందులు, రేడియేషన్ కావాలి. ఒకవేళ అది ఫంగస్ అయితే? కీమోతో ఒంట్లో ఉన్న కాస్త రక్షణా పోతుంది.

మూడోగది: స్టెరాయిడ్ ఇచ్చారా? మా నాన్నకు సైనస్ అనుకుని ఇచ్చారు. వాపు తగ్గిందని సంబరపడ్డాం. నెల తిరక్కుండా అంగిట్లో రంధ్రం పడింది, తాగిన నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. బయాప్సీకి ముందు స్టెరాయిడ్ ఇచ్చేవాళ్లని ఏమనాలి?

నిక్కచ్చి: ఇక్కడ ప్రశ్న స్టెరాయిడ్ కాదు.

స్లైడ్లపెట్టె: మీ ప్రశ్నేంటో మాకూ అర్థం కావడం లేదు. ఇలాంటి స్లైడ్ ఒక్కటైనా చూశారా మీరు?

నిక్కచ్చి: మీకు గాజుపలకలే కనిపిస్తాయి. మా మేనకోడలికి మూడుసార్లు తీశారు. రెండు నెలలు 'క్యాన్సర్ కావచ్చు' అనే మాటతో తిండీ నిద్రా మానేసింది. చివరికి తేలింది క్యాన్సర్ కాదు, రక్తనాళాల వాపు జబ్బు.

స్లైడ్లపెట్టె: మరి అది తేల్చింది ఆ మూడో ముక్కే కదా?

నిక్కచ్చి: అదీ, ఆంకా అనే యాంటీబాడీల కోసం చేసే రక్తపరీక్షా. ముక్క తీయొద్దని నేనెప్పుడన్నాను? తేలకముందే పేరు చెప్పి మనిషిని చంపొద్దంటున్నాను.

మూడోగది: మేం చెప్పలేదండీ. సైనస్ ఆపరేషన్ అన్నాం. సైనస్‌కి ఇన్నిసార్లు కోస్తారా అని రెండో బయాప్సీకి రానన్నాడు నాన్న. ఏం చెప్పి ఒప్పించాలో తెలియక ఐదు వారాలు పోయాయి. స్టెరాయిడ్ ఇచ్చినాయన్ని తిడుతుంటాను గానీ, ఆ ఐదు వారాలు మాత్రం మావే.

చెట్టునీడ: పైన ఒక విషయం రాయలేదు. అన్నయ్యకు లింఫోమా మాట మేమింకా చెప్పలేదు. మూడోసారి అంటే ఎందుకని అడుగుతాడు. వదిన భయం అదే.

నిక్కచ్చి: అది మీరు మొదటే రాయాల్సింది.

చెట్టునీడ: నిజమే. బుధవారానికి ఒప్పుకున్నాను. 'లోతుగా, బతికున్న అంచు, ఈబర్' అని కాగితం మీద రాసుకున్నాను. ఈ రాత్రి అన్నయ్యతో మాట్లాడాలి.

స్లైడ్లపెట్టె: రిపోర్టు రాగానే ఈబర్ లైను ఇక్కడ పెట్టండి.

నిక్కచ్చి: ముందు ఆయన్ని అన్నతో మాట్లాడనివ్వండి.