సంక్రాంతికి అమ్మమ్మకి క్యాసెట్ రికార్డు చేసి ఇవ్వాలి: సీ-60నా, సీ-90నా?

తులసికోట_మల్కాజిగిరి:
నమస్తే అండీ. పండక్కి అమ్మమ్మకి ఒక క్యాసెట్ తయారుచేసి ఇద్దామనుకుంటున్నాను. ఒక పక్క పాత సినిమా పాటలు, రెండో పక్క ఇంట్లోవాళ్ల మాటలు, గొబ్బి పాటలు, భోగి పొద్దుటి చప్పుళ్లు. ఆవిడ దగ్గరున్నది పాత మోనో టూ-ఇన్-వన్. రేడియో బాగానే పలుకుతుంది, క్యాసెట్ వేస్తే మాత్రం సాగదీస్తూ పాడుతుంది. ఖాళీ క్యాసెట్ ఎన్ని నిమిషాలది తీసుకోవాలి? ఫోన్లోంచి టేపులోకి ఎలా ఎక్కించాలి? పెన్‌డ్రైవ్ స్పీకరు కొనిచ్చెయ్యమని మాత్రం చెప్పకండి, ఆ సలహా ఇంట్లోనే బోలెడుసార్లు విన్నాను.

బెల్టు_పుల్లీ:
క్యాసెట్ సంగతి తర్వాత, ముందు మిషను చూడండి. సాగుతోందంటే చాలావరకు బెల్టే. వదులైపోయి ఉంటుంది, లేదా రబ్బరు కరిగి తారులా పుల్లీకి అంటుకుపోయి ఉంటుంది. ఆ జిగట అంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాకే కొత్తది ఎక్కించాలి. పుల్లీ మీద కాస్త ముద్ద మిగిలినా తిరిగినప్పుడల్లా ఒక ఎగుడు తగిలి గొంతు వణుకుతుంది. కొలతకి, బెల్టు వెళ్లే దారిలో దారం చుట్టి పొడవు చూసుకుని 5 నుంచి 8 శాతం తగ్గించండి. దారం 200 మి.మీ. వస్తే 185–190 బెల్టు. ఇంకా బిగుతుది వేస్తే మోటారు ఈడ్చుకుంటుంది. కోఠీ గుజరాతీ గల్లీకి పాత బెల్టు పట్టుకెళ్లండి, లేకపోతే ఈ కొలత రాసుకెళ్లండి.

తర్వాత హెడ్డూ (టేపు మీద రాసే, చదివే భాగం), పక్కనుండే సన్న ఇనుప కడ్డీ కూడా ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో గోధుమరంగు మరక రాకుండా పోయేదాకా తుడవండి. రబ్బరు రోలరుకి మాత్రం సబ్బునీళ్లు చాలు. ఊరికే ఆల్కహాల్ పెడుతుంటే రబ్బరు ఎండి పగులుతుంది. టేపుని మింగేది ఎక్కువగా ఈ రోలరే.

వేగం సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి, నిడివి తెలిసిన పాట ఉన్న కంపెనీ క్యాసెట్ వేసి గడియారం చూడండి. 4 నిమిషాల 30 సెకన్ల పాట 4.20కే అయిపోతే దాదాపు 4 శాతం వేగంగా తిరుగుతున్నట్టు. 6 శాతం అయితే శ్రుతి అరస్వరం పైకి పోయినట్టే, అమ్మమ్మ చెవికి వెంటనే తెలిసిపోతుంది. చాలా మోటార్ల వెనక చిన్న రంధ్రం, లోపల ఒక స్క్రూ ఉంటుంది. వెంట్రుకవాసి తిప్పి మళ్లీ వినండి.

ఇక క్యాసెట్: సీ-60 (రెండు పక్కలూ కలిపి 60 నిమిషాలది), నార్మల్ టైపు. సీ-90 టేపు సుమారు 12 మైక్రాన్లు, సీ-60ది 16–18. పాత మిషను లాగుడుకి పలచటి టేపు ముడతపడుతుంది. క్రోమ్ అని రాసున్న వేరే రకం టేపు జోలికి వెళ్లకండి, మామూలు టూ-ఇన్-వన్ దాన్ని సరిగ్గా చెరపనూ లేదు, రాయనూ లేదు.

ధూల్‌పేట_మాంజా:
బెల్టు ముచ్చట మంచిగ చెప్పిండ్రు. ఎక్కించుడు సంగతి నేను చెప్త.

వేరే డెక్కుల రికార్డు జేసుడు కన్న అమ్మమ్మ మిషన్లనే జేయుండ్రి. రెండు మిషన్ల హెడ్డు వాలు ఎన్నడూ ఒక్కతీరుగ ఉండది. డెక్కుల స్టీరియో మస్తుగ వినిపిస్తది, అదే మోనో హెడ్డు మీద దుప్పటి కప్పినట్టయితది. రికార్డు జేసిన హెడ్డే పాడితే ఆ లొల్లి లేదు.

వెనక లైన్ ఇన్ అని సాకెట్ ఉంటే సీదా వైరే, ఫోన్ వాల్యూమ్ ముప్పావు. ఐదు పిన్నుల గుండ్రటి సాకెట్ ఉంటే పావు కాడ నుంచి మొదలు వెట్టుండ్రి, దానికి చిన్న సిగ్నలే గావాలె. ఒట్టి మైకు సాకెట్ ఉంటే ఫోన్ వైరు అట్లనే గుచ్చద్దు, గొంతు చిరిగినట్టు వస్తది. కుడికి ఎడమకి చెరొక 10 కిలో ఓమ్ రెసిస్టరు పెట్టి రెండు కొసలు కలుపుండ్రి. ఆ కలిసిన జాగ నుంచి గ్రౌండుకు 100 ఓమ్‌ది. సిగ్నల్ యాభైల ఒక వంతు అయితది. మైకు వైరు ఆ కలిసిన కాడికెంచే.

ఫోన్ ఫ్లైట్ మోడుల వెట్టుడు మర్వద్దు, చార్జరు పీకేయుండ్రి, లేకుంటే బుయ్యిమని ఒకటే మోత. ఇంకొకటి: సెల్లుల మీద రికార్డు జేస్తే కొత్త సెల్లులే ఎయ్యాలె. సెల్లులు దిగి మోటారు మెల్లగ తిరిగినప్పుడు రికార్డయింది, కరెంటు మీద వెడితే అందరి గొంతులు ఎలుక గొంతులయితయి.

మేడమీద_మైకు:
మాటలున్న పక్కకి నా సలహాలు కొన్ని.

ఈ మిషన్లలో శబ్దం మట్టాన్ని అదే సర్దేసుకునే ఏర్పాటు ఉంటుంది. నిశ్శబ్దం రాగానే లోపలి గరగరని పైకి తెస్తుంది, గొంతు రాగానే గబుక్కున తగ్గిస్తుంది. అందుకని మాటకీ పాటకీ మధ్య 2–3 సెకన్ల కంటే ఖాళీ వదలకండి. పక్క మొత్తాన్నీ కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఫైలుగా కలిపేసుకుంటే ఒక్కసారి బటన్ నొక్కితే సరిపోతుంది. ఆపి మళ్లీ నొక్కిన ప్రతిచోటా టక్కుమంటుంది.

ఒక పక్క 30 నిమిషాలైనా 29 దాటనివ్వకండి. పాటల పక్కకి నాలుగున్నర నిమిషాల పాటలు ఆరంటే 27, మీ పలకరింపు నిమిషంపావు, ఖాళీలన్నీ కలిపి ఇరవై సెకన్లు: 28న్నరకి కాస్త అటు. మొదట కొన్ని సెకన్లు వచ్చే తెల్ల పట్టీ మీద ఏదీ ఎక్కదు. ఆరు పలకల పెన్సిల్ చక్రంలో దూర్చి గోధుమరంగు టేపు కనబడేదాకా తిప్పి, అప్పుడు మొదలుపెట్టండి.

గొబ్బి పాటలకి ఫోన్ వలయం మధ్యలో, గొబ్బెమ్మల పక్కన ఒక పీట మీద పెట్టండి. అందరి గొంతులూ సమానంగా వస్తాయి. చప్పట్లు పగిలినట్టు వినిపిస్తే ఫోన్ మీద పలచటి తువ్వాలు వేయండి. గంగిరెద్దు సన్నాయి అయితే వీధి గుమ్మం లోపల్నుంచి తీసుకోండి, దగ్గరికెళ్తే అది తప్ప ఇంకేదీ మిగలదు. భోగిమంటకి నాలుగడుగుల దూరం చాలు.

అసలైన మాటలు కావాలంటే సకినాలు చుట్టే రోజు చూసుకోండి. బట్ట చుట్టూ కూర్చుంటారు, రెండు చేతులూ పిండిలో ఉంటాయి, ఫోన్ ఎక్కడుందో ఎవరికీ గుర్తుండదు. పిల్లల్ని "చెప్పు, చెప్పు" అంటే అప్పజెప్పినట్టు చెబుతారు. అదే వాళ్లకి ఒక ముద్ద ఇచ్చి వంకరటింకరగా చుట్టనిస్తే, పెద్దవాళ్ల దిద్దుబాట్లతో సహా పది నిమిషాల సరుకు దొరుకుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. మూకుడు పెట్టాక మాత్రం రికార్డింగ్ కట్టేయండి. టేపుకి సహజంగా ఉండే సుయ్యిమనే చప్పుడు మీద నూనె సుయ్యిమనేది కలిస్తే మాట దొరకదు.

డబ్బాలో పెట్టే అట్టకి కొలతలు: ముందు భాగం 101 × 65 మి.మీ., వీపు 12.5, లోపలి మడత 16. మనవి ఒత్తులున్న అక్షరాలు కాబట్టి వరుసకి 7 మి.మీ. వదలండి, తొమ్మిది వరుసలు పడతాయి. జెల్ పెన్ను వద్దు, చెయ్యి తగిలితే అలుక్కుపోతుంది.

తులసికోట_మల్కాజిగిరి:
అందరికీ థాంక్స్ అండీ. ఖాళీది దొరకలేదు గానీ ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత భక్తిగీతాల క్యాసెట్ ఒకటి దొరికింది. రికార్డు బటన్ కిందికి దిగడం లేదు. మిషనుదా తప్పు?

బెల్టు_పుల్లీ:
కాదు, క్యాసెట్‌దే. టేపు కనిపించే అంచు కిందికి ఉండేలా పట్టుకుంటే పై అంచులో రెండు గుంటలు కనిపిస్తాయి. మీకు ఎదురుగా ఉన్న పక్కది ఎడమవైపు గుంట. దాని మీద సెల్లోటేపు ముక్క ఒకటి బిగువుగా అంటించండి, బటన్ దిగుతుంది. పని అయ్యాక పీకేయండి, పొరపాటున ఎవరూ చెరపకుండా ఉంటుంది. కంపెనీవి చాలావాటిలో పక్కకి 20–25 నిమిషాల టేపే ఉంటుంది కాబట్టి పాటలు ఏరుకునే ముందు దాన్ని చివరిదాకా ఒకసారి పాడించి చూసుకోండి, బిగుసుకున్న చుట్టలు కూడా వదులవుతాయి. హెడ్డు ఎదుట ఉండే చిన్న స్పంజి దిండు ఊడిపోయి ఉంటే ఆ క్యాసెట్ వద్దు, వేరేది వెతకండి.

ధూల్‌పేట_మాంజా:
స్క్రూలున్న క్యాసెట్టే ఏరుకోండ్రి అన్నా. అతికించింది తెగితే ఇప్పరాదు.