ఫొటో వెనక కథ ఎలా అడగాలి?

మాది వరంగల్. ఫొటోలు సరదాకి మొదలుపెట్టా గానీ ఇప్పుడు అదే ధ్యాస, చాయ్ గ్లాసులు, దండెం మీది బట్టలు, అలాంటివే తీస్తుంటా. మొన్న కొత్తవాడలో ఒక పెద్దాయన మగ్గాన్ని ఫొటో తీశా. ఇక్కడి జంపఖానాలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, అందరూ వాటి రంగులే తీస్తారు, నాకు మాత్రం చెయ్యి తగిలి తగిలి నున్నగా మెరుస్తున్న కర్ర, దానికి చుట్టిన పాత చీరపేలిక కనిపించాయి. ఆ చీర ఎవరిదని అడిగితే ఆయన నవ్వి ఊరుకున్నారు, మళ్లీ అడగడానికి నాకు నోరు రాలేదు.

కింద రెండు మాటలు రాయకపోతే చూసేవాళ్లకు అది ఉత్త కర్రే. మీరైతే ముందు మాట కలిపి తర్వాత తీస్తారా, లేక ప్రింట్ తీసుకెళ్లి చేతికిచ్చి అప్పుడు అడుగుతారా? ఆయన చెప్పకపోతే ఆ ఫొటో నలుగురికీ చూపించొచ్చా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.