యోహాను 21లో పేతురు మాట: ప్రేమా, ఇష్టమా?

అందరికీ వందనాలు. యోహాను 21 చదువుతూ ఒక చోట ఆగిపోయా. యేసు తన శిష్యుడు పేతురును మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా" అని అడుగుతాడు కదా, మూలభాష గ్రీకులో మొదటి రెండుసార్లు అగపావో అనే క్రియ, మూడోసారి ఫిలేయో (రెండూ ప్రేమించడాన్ని చెప్పేవే), పేతురు మాత్రం మూడుసార్లూ ఫిలేయోతోనే జవాబు చెప్తాడు. మన బైబిల్లో అన్నిటికీ ప్రేమించు ఒక్కటే. పేతురు మాటని "నువ్వంటే నాకు ఇష్టం ప్రభువా" అంటే తప్పా?

— తప్పని కాదు గానీ అంత తేడా ఉందంటారా? తండ్రి కుమారుణ్ణి ప్రేమిస్తున్నాడని చెప్పడానికి యోహానే 3:35లో అగపావో, 5:20లో ఫిలేయో వాడాడు. 3:19లో మనుషులు చీకటిని ప్రేమించారు అన్నదీ అగపావోనే. అగాపే (అగపావోకి నామవాచకం) అంటే దైవప్రేమ, ఫిలేయో దానికంటే తక్కువ అని ప్రసంగాల్లో గీత గీసేస్తుంటారు, అది నిలబడదు.

— 3:19 నాకు తట్టనేలేదు, థాంక్స్ అన్నా. సరే, తెలుగు సంగతే చూద్దాం. "నేను ప్రేమిస్తున్నా" అంటాం, "నాకు ఇష్టం" అంటాం. మొదటిది నేను చేసేది, రెండోది నాకు కలిగేది, ఆకలేసినట్టు, నిద్రొచ్చినట్టు. అందుకేనేమో మత్తయి 5:44లో "మీ శత్రువులను ప్రేమించుడి" అనే ఉంది, శత్రువులంటే మీకు ఇష్టం కలగాలి అని లేదు. మా ప్రార్థన గుంపులో ఒకావిడకీ నాకూ చాలాకాలం మాటల్లేవు, ఆవిడకి ఆపరేషనైతే రెండు రాత్రులు నేనే తోడు పడుకున్నా, లేపి కూర్చోబెట్టి మాత్రలు మింగించా, దుప్పటి సర్దా, కానీ ఆవిడ మాటతీరు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఇది వేషధారణేమో అని చాన్నాళ్ళు కుమిలిపోయా. 1 కొరింథీ 13 మళ్ళీ తీస్తే సహించును, దయ చూపించును, మత్సరపడదు... అన్నీ క్రియలే.

— అక్కా, అది వేషధారణ ఎందుకవుతుంది, ప్రేమే. కాకపోతే ఇష్టాన్ని మరీ తక్కువ చేయొద్దు. రోమా 12:10లో "ఒకనియందొకడు అనురాగము గలవారై" అంటాడు పౌలు. భార్యాభర్తలు ఒకరికొకరు అన్నీ చేసిపెడుతూ ఇష్టం మాత్రం లేకుండా ఉంటే ఆ ఇంట్లో ఊపిరాడదు.

— లూకా 22:42 కూడా చూడండి, "నా యిష్టము కాదు, నీ చిత్తమే". గ్రీకులో అక్కడున్నది థెలేమా (చిత్తం) అనే మాట ఒక్కటే, తెలుగులో రెండు మాటలయ్యాయి. యోహాను 21కి సరిగ్గా తిరగేసినట్టు!

— అబ్బ, ఎంత బాగా పట్టారు. ఇప్పుడు ఇంకోటి తోస్తోంది, పేతురు జవాబుకి మన నుడికారంలో "నువ్వంటే నాకు ప్రాణం" అని ఉంది కదా?

— ఉంది, కానీ యోహాను 13:37లో నీ కోసం ప్రాణం పెడతానని యేసుతో చెప్పి ఆ రాత్రే ఆయన్ని ఎరగనన్నవాడు, మళ్ళీ ఆ మాట ఎత్తగలడా?