స్లాబు కారుతోంది, అద్దె ఆపేయవచ్చా? చంద్రపూర్, బల్లార్షా, నాందేడ్ వాళ్లు చెప్పండి

వార్ధా ఒడ్డు: చంద్రపూర్‌లో రెండు గదుల వాటా, నెలకు 6,000. వానలు మొదలైనప్పటి నుంచి స్లాబు కారుతోంది. నీళ్లు గోడ వెంట దిగి స్విచ్‌బోర్డు దాకా వచ్చాయి. ఫ్యాను వేయాలంటే మా ఆవిడ చెక్క గరిటెతో స్విచ్ నొక్కుతోంది. ఓనరు కాకాను అడిగితే ‘వానలు పోనీ, చూద్దాం’ అంటారు. మూడేళ్లుగా ఇదే మాట. ఈ నెల అద్దె ఇవ్వకూడదనుకుంటున్నాను.

బల్లార్షా బాబాయి: వద్దు బాబూ. నేను ఆపాను, కోర్టు సమన్లు వచ్చాయి. ఓనరు బాకీ నోటీసు ఇచ్చాక 90 రోజులు ఆగి దావా వేశారు. సమన్లు అందాక మళ్లీ 90 రోజుల్లో బాకీ, 15 శాతం వడ్డీ, దావా ఖర్చులు కడితే గానీ ఇల్లు నిలవలేదు. బావమరిది దగ్గర అప్పు చేశాను. స్లాబు ఇప్పటికీ కారుతూనే ఉంది.

నాందేడ్ గుమాస్తా: అద్దె ఎగ్గొట్టడం వేరు, మరమ్మతు చేయించి ఆ ఖర్చు కోసుకోవడం వేరు. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999, సెక్షన్ 14 చదవండి. ముందు రాతపూర్వక నోటీసు, కనీసం 15 రోజుల గడువు. అప్పటికీ కదలకపోతే మీరే చేయించుకుని అద్దెలో మినహాయించుకోవచ్చు. కానీ ఏడాది అద్దెలో నాలుగో వంతు దాటకూడదు. మీకు 72,000లో 18,000. నోటీసు మరాఠీలో రాసి, అందినట్టు రుజువు వచ్చేలా పోస్టులో పంపండి. ఫొటోలు, మేస్త్రీ బిల్లు దాచండి. అద్దెకు రసీదు అడగండి, ఇవ్వడం ఓనరు బాధ్యత. ఈ చట్టం షెడ్యూల్లో ఉన్న ఊళ్లకే వర్తిస్తుంది. మిగతా వాళ్లకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 108 ఉంది.

మేడ మీది మనిషి: నేను ఓనరునే. వేసవంతా స్లాబు మీద కూలరు పెట్టి నీళ్లు నిలవబెట్టేదెవరో కూడా అడగండి! అద్దెకున్నవాళ్లు పాడుచేసింది నేనెందుకు బాగుచేయించాలి?

వార్ధా ఒడ్డు: మా కూలరు కిటికీకే ఉందండీ.

నోటీసు పంపాను. తొమ్మిదో రోజున కాకా సంతకంతో అందినట్టు కార్డు వచ్చింది. మర్నాడే ఆయన మేస్త్రీని వెంటబెట్టుకుని మేడెక్కారు, నాతో మాత్రం మాట్లాడలేదు. అద్దె ఎప్పటిలా అయిదో తేదీన ఇచ్చి రసీదు అడిగాను. మనవడి నోటుబుక్కులోంచి కాగితం చింపి రాసిచ్చారు.